ఇంటర్నెట్ కూడలిలో దారుల తనిఖీ



ఈనాటి ప్రసంగ విషయం ఇంటర్నెట్ కూడలిలో దారుల తనిఖీ. పేరు కొంచెం బరువుగా ఉన్నా విషయం అంత కష్టమైనది కాదు. పదో తరగతి పిల్లలకు చెప్పినట్టుగానే చెప్పే ప్రయత్నం చేస్తాను.

మనం ఫోనులో పాట వింటాం. బ్యాంకు మెట్లెక్కకుండానే డబ్బు పంపుతాం. పిల్లల పరీక్షా ఫలితాలు చూస్తాం. ఆ సమాచారం ఎక్కడో ఒక ఊళ్లో ఉన్న యంత్రం నుంచి బయలుదేరి, నాలుగైదు సంస్థల తీగల మీదుగా ప్రయాణం చేసి మన చేతికి వస్తుంది. అది ఏ దారిన రావాలో ఎవరు నిర్ణయిస్తారు? ఎవరైనా తప్పుదారి చెప్తే వాళ్లను ఆపేదెవరు? ఈ రెండు ప్రశ్నలే ఈనాటి మన పాఠం.

మా సింగానల్లూరు బస్టాండు ఈ ప్రాంతపు శ్రోతలకు తెలిసినదే. మదురై, తిరుచ్చి వైపు పోయే బస్సులు అక్కడి నుంచి బయలుదేరతాయి. బస్సు ప్రయాణం మన కోయంబత్తూరు జిల్లాకు పాత అలవాటు. కలంగల్ గ్రామంలో పుట్టిన జి.డి. నాయుడుగారు 1920లోనే పొళ్లాచ్చి, పళని ఊళ్ల మధ్య బస్సు నడిపారు. ఆనాటికీ ఈనాటికీ మారనిది ఒకటున్నది. కండక్టరు మెట్టు మీద నిలబడి "మదురై, మదురై" అని కేక వేస్తాడు. ఆ కేకను నమ్మి మనం ఎక్కుతాం. ఆ బస్సు నిజంగా మదురై పోతుందా, పల్లడంలోనే ఆగిపోతుందా అని ఎవరూ కాగితాలు అడగరు.

ఇంటర్నెట్ కూడా ఇలాంటి కేకల మీదనే నడుస్తున్నది. ఇంటర్నెట్ ఏ ఒక్కరి సొత్తూ కాదు. ప్రపంచం మొత్తం మీద డెబ్భై వేలకు పైగా వేరు వేరు నెట్‌వర్కులు కలిసి ఏర్పడినదే ఇంటర్నెట్. టెలిఫోను కంపెనీలు, కేబుల్ కంపెనీలు, విశ్వవిద్యాలయాలు, బ్యాంకులు, సినిమాలు చూపించే సంస్థలు, ఇలా ఎందరో. ఒక్కొక్క నెట్‌వర్కుకు ఒక సంఖ్య ఉంటుంది. దాని చేతిలో కొన్ని చిరునామాలు ఉంటాయి. చిరునామాలు ఒకటొకటిగా కాక గుంపులు గుంపులుగా ఉంటాయి. 256 చిరునామాలు ఒక గుంపు, 1,024 చిరునామాలు ఒక గుంపు, ఈ విధంగా. ప్రతి నెట్‌వర్కూ తన పొరుగు నెట్‌వర్కుతో "ఫలానా గుంపు చిరునామాలకు పోవాలంటే నా దగ్గరికి రండి" అని చెప్తుంది. దీన్నే ప్రకటన అంటారు. తమిళంలో అరివిప్పు అనుకోండి. ఆ పొరుగువాడు దాన్ని తన పొరుగువాడికి చెప్తాడు. నోటి మాట పాకినట్టు అది ప్రపంచమంతా పాకుతుంది. పాత తరహా చిరునామాల విషయంలోనే ఇలాంటి ప్రకటనలు దాదాపు పది లక్షలున్నాయి.

ఈ ప్రకటనల పద్ధతికి బి.జి.పి. అని పేరు. బార్డర్ గేట్‌వే ప్రోటోకాల్, అంటే సరిహద్దు ద్వారాల ఒప్పందం. సరిహద్దు జిల్లాల వాళ్లం గనుక మనకు నచ్చవలసిన పేరే. 1989లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో ఇంజనీర్ల సమావేశం జరిగింది. అక్కడ భోజనాల దగ్గర కర్క్ లోహీడ్, యాకోవ్ రెక్టర్ అనే ఇద్దరు చేతులు తుడుచుకునే కాగితాల మీద దీని చిత్తుప్రతి రాసుకున్నారు. అప్పట్లో నెట్‌వర్కులు కొద్ది. అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లు. అందుచేత పొరుగువాడి మాటను నమ్మడమే ఆ ఒప్పందంలోని సూత్రం అయింది. చెప్పినవాడికి ఆ చిరునామాల మీద హక్కు ఉన్నదా లేదా అని చూసే ఏర్పాటు అందులో లేదు.

ఇక కూడలి సంగతి. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా మొదలైంది. తర్వాత ప్రైవేటు సంస్థలు వచ్చాయి. కాని ఆ సంస్థల మధ్య నేరుగా తీగ లేకపోతే, ఒకరి ఖాతాదారు మరొకరి ఖాతాదారుకు పంపిన సమాచారం సముద్రం దాటి విదేశానికి పోయి తిరిగి రావలసి వచ్చేది. కోయంబత్తూరు నుంచి తిరుప్పూరుకు రాసిన ఉత్తరం సింగపూరు పోయి వచ్చినట్టన్నమాట. ఖర్చూ ఎక్కువ, ఆలస్యమూ ఎక్కువ. దీన్ని తప్పించడానికి 2003లో భారత జాతీయ ఇంటర్నెట్ కూడలి సంస్థ ఏర్పడింది. దాన్నే నిక్సీ అంటారు. చెన్నైలోనూ హైదరాబాదులోనూ దాని కూడళ్లున్నాయి. ఆ తర్వాత ఎక్స్‌ట్రీమ్ ఐఎక్స్, డి-సిక్స్ వంటి ఇతర కూడళ్లు కూడా మన దేశంలో వెలిశాయి. ఒకే గదిలోకి అందరూ తమ తమ తీగలు తెచ్చుకుని కలుపుకుంటారు. ఇక్కడి సమాచారం ఇక్కడే చేతులు మారుతుంది.

తీగ కలిపితే చాలదు. ఎవరి దగ్గర ఏ చిరునామాలున్నాయో ఒకరికొకరు చెప్పుకోవాలి. ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. కూడలిలో 100 నెట్‌వర్కులున్నాయి. ప్రతి ఒక్కరూ మిగిలిన 99 మందితో విడివిడిగా మాట్లాడుకోవాలంటే ఎన్ని సంభాషణలు కావాలి? 100ను 99తో హెచ్చించి రెండుతో భాగిస్తే 4,950. కొత్తగా చేరిన ఒక చిన్న సంస్థ 99 మందికి ఉత్తరాలు రాసి, 99 ఒప్పందాలు చేసుకోవాలి. అది జరిగే పని కాదు.

అందుకని కూడలివారు మధ్యలో ఒక యంత్రాన్ని పెడతారు. దానికి రూట్ సర్వర్ అని పేరు. అందరూ తమ ప్రకటనలను దానికి చెప్తే, అది అందరివీ విని అందరికీ చెప్తుంది. 4,950 సంభాషణల స్థానంలో 100 చాలు. ఒకటి చెడిపోతే ఇంకొకటి ఉండాలని రెండు యంత్రాలు పెట్టినా 200తో సరిపోతుంది.

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుంచుకోవాలి. రూట్ సర్వర్ దారి చెప్తుందే గాని సరుకు మోయదు. బస్టాండులో విచారణ కిటికీ దగ్గర కూర్చున్నాయన బస్సు నడపడు. ఏ బస్సు ఎక్కడ నిలబడి ఉన్నదో చెప్తాడు, అంతే. మనం ఎక్కేది ఆ బస్సునే. అలాగే పాటైనా డబ్బైనా ఒక నెట్‌వర్కు నుంచి ఇంకొక నెట్‌వర్కుకు నేరుగానే పోతుంది. రూట్ సర్వర్ తన సంఖ్యను కూడా దారి మధ్యలో చేర్చుకోదు. ఈ పద్ధతిని 2016లో ప్రమాణ పత్రంగా రాసి ప్రకటించారు.

మరి ఇంత సౌకర్యం ఉన్నచోట ప్రమాదం కూడా ఉంటుంది. విచారణ కిటికీలో ఒక్క తప్పుమాట వినబడితే బస్టాండు మొత్తం తప్పు బస్సు ఎక్కుతుంది. ఒక సభ్యుడు చెప్పిన అబద్ధాన్ని రూట్ సర్వర్ విని ఊరుకోక, మిగిలిన 99 మందికీ క్షణాల్లో చేరవేస్తుంది.

ఇలాంటి తప్పుమాటల వలన ఏం జరుగుతుందో మూడు సంఘటనలు చెప్తాను. ఇవి కూడలుల్లో పుట్టినవని కాదు. తనిఖీ లేని చోట ఒక ప్రకటన ఎంత దూరం పోగలదో చూపడానికి చెప్తున్నాను.

మొదటిది 2008 ఫిబ్రవరి 24. తమ దేశంలో యూట్యూబ్ కనబడకుండా చేయమని పాకిస్తాన్ ప్రభుత్వం ఆదేశించింది. అక్కడి టెలికాం సంస్థ యూట్యూబ్‌కు చెందిన 256 చిరునామాలు తన దగ్గరే ఉన్నట్టు ఒక ప్రకటన చేసింది. అది దేశం లోపలే ఆగవలసినది. ఆగలేదు. దాని పై సంస్థ పరీక్షించకుండా ప్రపంచానికి చెప్పేసింది. యూట్యూబ్ తాను ప్రకటించినది 1,024 చిరునామాల గుంపు. ఇంటర్నెట్‌లో చిన్న గుంపు ప్రకటనకే ప్రాధాన్యం. ఉత్తరం మీద ఊరి పేరు మాత్రమే ఉన్నదానికంటే వీధి పేరు కూడా ఉన్నదాన్ని పోస్ట్‌మాన్ ముందు చూసినట్టు, యంత్రాలన్నీ ఆ 256 చిరునామాల మాటనే పట్టుకున్నాయి. సుమారు రెండు గంటల సేపు ప్రపంచంలో చాలా చోట్ల యూట్యూబ్ అందలేదు.

రెండవది 2018 ఏప్రిల్ 24. ఈసారి పొరపాటు కాదు, దొంగతనం. అమెజాన్ సంస్థ పేర్లకు చిరునామాలు చెప్పే యంత్రాలున్న గుంపును వేరొక నెట్‌వర్కు నుంచి ప్రకటించారు. మై ఈథర్ వాలెట్ అనే సేవను వెతుక్కుంటూ వచ్చినవాళ్లను నకిలీ గుమ్మానికి పంపారు. దాదాపు రెండు గంటల్లో సుమారు లక్షా యాభై వేల డాలర్ల విలువైన సొమ్ము పోయింది.

మూడవది మన దేశంలోనే, 2021 ఏప్రిల్ 16న. వొడాఫోన్ ఐడియా నెట్‌వర్కు నుంచి ముప్ఫై వేలకు పైగా ఇతరుల చిరునామాల గుంపులు తనవే అన్నట్టు ప్రకటనలు వెలువడ్డాయి. ఎక్కడెక్కడికో పోవలసిన సమాచారం ఆ నెట్‌వర్కు వైపు పరుగెత్తింది. కొద్ది నిమిషాల్లోనే సర్దుకున్నది గాని, ఆ కొద్ది నిమిషాల్లో డబ్బు పంపుతున్నవాడికి, ఆసుపత్రిలో పరీక్షల నివేదిక కోసం ఎదురుచూస్తున్నవాడికి కారణం ఏమిటో తెలిసే అవకాశం లేదు.

కాబట్టి మంచి కూడలిలో రూట్ సర్వర్ ప్రతి ప్రకటననూ జల్లెడ పడుతుంది. ఆ జల్లెడలు ఏమిటో వరుసగా చూద్దాం.

మొదటిది లెక్క. ప్రతి సభ్యుడికీ ఇన్ని ప్రకటనలకు మించరాదని ఒక హద్దు ఉంటుంది. రోజూ 50 ప్రకటనలు చేసేవాడు హఠాత్తుగా 30,000 చేస్తే ఏదో తేడా వచ్చిందని అర్థం. సంభాషణే తెగిపోతుంది.

రెండవది అర్థం లేని చిరునామాలు. మన ఇంటి లోపల రౌటర్ పంచే చిరునామాలుంటాయి. 192.168 అంకెలతో మొదలయ్యేవి చాలామంది చూసే ఉంటారు. అవి ఇంట్లో వాడుకోవడానికే, వీధిలోకి రాకూడదు. వస్తే తోసివేస్తారు. 256 కంటే చిన్న గుంపులను కూడా సాధారణంగా ఒప్పుకోరు. "ప్రపంచం మొత్తానికి దారి నా దగ్గరే ఉన్నది" అనే ప్రకటననూ ఒప్పుకోరు.

మూడవది ఎవరి నోటితో వాళ్లే చెప్పడం. ప్రతి ప్రకటనలోనూ అది ఏయే నెట్‌వర్కుల మీదుగా వచ్చిందో ఆ సంఖ్యల వరుస ఉంటుంది. ఆ వరుసలో మొదటి సంఖ్య చెప్తున్న సభ్యుడిదే అయి ఉండాలి. సరుకు అందజేయమని చూపించిన గుమ్మం కూడా అతనిదే అయి ఉండాలి. పక్కవాడి గుమ్మం చూపిస్తే చెల్లదు.

నాలుగవది దారిలో పెద్ద సంస్థలు. ఖండాలను కలిపే అతి పెద్ద నెట్‌వర్కులు కొన్ని ఉన్నాయి. ఒక చిన్న పట్టణపు సంస్థ "ఆ పెద్ద సంస్థ మీదుగా నేను దారి చూపుతాను" అన్నదంటే అది నిజంగా చేయదలచుకున్న సేవ కాదు, లోపలి సమాచారం బయటికి కారిందని అర్థం. దాన్ని లీకు అంటారు. పిల్ల కాలువలోకి భవానీ నది నీళ్లన్నీ మళ్లిస్తే గట్టు నిలవదు గదా! అటువంటి వరుసలను రూట్ సర్వర్ తిప్పికొడుతుంది.

అయిదవది దస్తావేజుల పుస్తకం. 1990ల నుంచి నెట్‌వర్కులవారు "మా గుంపులు ఇవి, మా కింద ఉన్న ఖాతాదారులు వీళ్లు" అని రాసుకునే బహిరంగ పుస్తకాలున్నాయి. రూట్ సర్వర్ ఆ పుస్తకాలు చదివి ప్రతి సభ్యుడికీ ఒక అనుమతి జాబితా తయారు చేసుకుంటుంది. జాబితాలో లేని ప్రకటనను తీసుకోదు. అయితే ఈ పుస్తకాలకు ఒక లోపం ఉన్నది. కొన్నింటిలో ఎవరైనా ఏదైనా రాయవచ్చు. పాత రాతలను కొట్టివేసేవాళ్లు తక్కువ.

అందుకే ఆరవ జల్లెడ వచ్చింది. దీన్ని ఆర్.పి.కె.ఐ. అంటారు. మన భాషలో చెప్పాలంటే పట్టా. నేల మీద హక్కు ఉన్నదని నోటితో చెప్తే ఎవరూ ఒప్పుకోరు. పట్టా చూపమంటారు. ఇంటర్నెట్ చిరునామాలు ఇచ్చే ప్రాంతీయ సంస్థలు ప్రపంచంలో అయిదున్నాయి. మన ఆసియా, పసిఫిక్ ప్రాంతానికి ఏప్‌నిక్ ఉన్నది. భారతదేశానికి 2012 నుంచి ఐరిన్ అనే సంస్థ నిక్సీ కింద పని చేస్తున్నది. చిరునామాలున్నవారు ఈ సంస్థల ద్వారా ఒక పత్రం సృష్టించుకోవచ్చు. అందులో మూడు విషయాలుంటాయి. చిరునామాల గుంపు ఏది, దాన్ని ప్రకటించే హక్కు ఏ సంఖ్య గల నెట్‌వర్కుకు ఉన్నది, ఎంత చిన్న ముక్కల దాకా విడదీసి ప్రకటించవచ్చు. దాని మీద గణిత సూత్రంతో వేసిన సంతకం ఉంటుంది. ఇతరులు ఫోర్జరీ చేయలేరు.

రూట్ సర్వర్ ప్రకటనను ఈ పట్టాతో పోల్చి చూస్తుంది. మూడు ఫలితాల్లో ఒకటి వస్తుంది. పట్టాతో సరిపోయింది అంటే తీసుకుంటుంది. పట్టాకు విరుద్ధంగా ఉన్నది అంటే తోసివేస్తుంది. అసలు పట్టాయే లేదు అన్నది మూడవ ఫలితం. ఇక్కడే చిక్కు. ప్రపంచంలోని పాత తరహా ప్రకటనల్లో సగానికి పట్టా ఏర్పడింది 2024లో మాత్రమే. పట్టా లేనివన్నీ తోసివేస్తే ఇంటర్నెట్‌లో పెద్ద భాగమే మాయమవుతుంది. కనుక పట్టా లేనివాటిని దస్తావేజుల పుస్తకంతో సరిచూసి తీసుకుంటారు. అంటే పట్టా చేయించుకోనివాడి ఇంటికి కాపలా పలచనగా ఉంటుంది. 2008లో యూట్యూబ్‌కు జరిగినట్టు ఇవాళ జరిగితే, పట్టా ఉన్నవాడిని కాపాడగలరు. లేనివాడికి ఆ హామీ లేదు.

శ్రోతలు ఇంకొక ప్రశ్న అడగవచ్చు. జల్లెడ మరీ సన్ననిదైతే మంచి గింజ కూడా రాలిపోదా? రాలిపోతుంది. ఉదాహరణకు ఒక సంస్థ తన 1,024 చిరునామాలకు పట్టా చేయించుకున్నది. చిన్న ముక్కలుగా విడదీసే అనుమతి అందులో రాసుకోలేదు. కొంతకాలానికి తానే అవసరం వచ్చి 256 చిరునామాల ముక్కను విడిగా ప్రకటించింది. రూట్ సర్వర్ దృష్టిలో అది పట్టాకు విరుద్ధం. సొంతదారుణ్ణే గుమ్మం దగ్గర నిలబెట్టినట్టయింది. కొత్త ఖాతాదారు పేరు పుస్తకంలో చేర్చడం మరిచినా ఇదే గతి. పెద్ద సంస్థకు ఈ పని చూసుకోవడానికి ఇంజనీర్లుంటారు. కేబుల్ టీవీతో మొదలై ఇంటర్నెట్ కూడా ఇస్తున్న మన చిన్న పట్టణాల సంస్థల్లో ఒకరిద్దరే అన్ని పనులూ చూస్తారు. తప్పు వాళ్లదే కావచ్చు, కాని నష్టపోయేది వాళ్ల కనెక్షను మీద ఆధారపడిన వీధి మొత్తం.

కాబట్టి కాదన్నవాడు ఎందుకు కాదన్నాడో చెప్పాలి. ఈ విషయంలో మంచి కూడళ్లు మంచి సంప్రదాయం పాటిస్తున్నాయి. లుకింగ్ గ్లాస్ అనే పుటను అందరికీ తెరిచి ఉంచుతారు. దానిలో ఏ సభ్యుడి ప్రకటన తీసుకున్నారో, దేన్ని తోసివేశారో, ఎందుకు తోసివేశారో కనబడుతుంది. జవాబు పత్రంలో మార్కు తగ్గిస్తే పక్కన కారణం రాయమని బి.ఇడి. చదివేటప్పుడు మాకు చెప్పేవారు. పిల్లవాడు దిద్దుకోగలిగేది అప్పుడే. ఇక్కడా అంతే.

ఇన్ని జల్లెడలున్నా పూర్తి రక్షణ ఉన్నదని అనుకోకూడదు. పట్టా చెప్పేది ఆ చిరునామాల సొంతదారు ఎవరని మాత్రమే. మధ్యలో ఏ దారిన వచ్చిందో అది చెప్పదు. తెలివైన దొంగ వరుస చివర అసలు సొంతదారు సంఖ్యనే పెట్టి, ఆ ముందు తన సంఖ్య చేర్చుకుంటే పట్టా పరీక్షలో నెగ్గవచ్చు. దారిని కూడా సరిచూసే ఆస్పా అనే కొత్త పద్ధతి రూపు దిద్దుకుంటున్నది. రెండవ సంగతి, రూట్ సర్వర్ తన చెవిన పడినవాటినే వడకడుతుంది. ఇద్దరు సభ్యులు పక్కకు పోయి నేరుగా మాట్లాడుకుంటే, విదేశీ సంస్థ నుంచి దారి కొనుక్కుంటే, అక్కడ తనిఖీ వాళ్ల బాధ్యతే. అందుకని మ్యాన్‌ర్స్ అనే పేరుతో 2014లో ఒక అంతర్జాతీయ ఒప్పుదల మొదలైంది. నెట్‌వర్కులు తమ ఖాతాదారుల మాటను తామే సరిచూసి పై వాళ్లకు చెప్తామని మాట ఇస్తాయి. కూడళ్లకు ప్రత్యేకంగా 2018లో ఇందులో ఒక విభాగం ఏర్పడింది. తప్పు ప్రకటనలు తమ ద్వారా పాకకుండా చూడడం దానిలో మొదటి షరతు.

ఇది పెద్దవాళ్ల వ్యవహారం, మనకేమిటి అనుకోవద్దు. కోయంబత్తూరు, మదురై చుట్టుపక్కల, అటు హోసూరు, కృష్ణగిరి, చిత్తూరు వైపు మనవాళ్ల ఇళ్లలో నెట్‌వర్కు ఉద్యోగాలు చేసే పిల్లలు చాలామంది ఉన్నారు. కేబుల్ వ్యాపారం చేసే అన్నదమ్ములున్నారు. వాళ్లకు మూడు మాటలు చెప్పండి. ఒకటి, మీ చిరునామాలకు పట్టా చేయించుకోండి, ముక్కల అనుమతి సరిగా రాయండి. రెండు, ఖాతాదారు చేరినా పోయినా పుస్తకంలో వెంటనే దిద్దండి. మూడు, మీ కింద ఉన్నవాడు చెప్పినదాన్ని సరిచూడకుండా కూడలికి చెప్పవద్దు. మొదటి రెండు పనులకు కావలసింది పెద్ద పెట్టుబడి కాదు, కొంచెం ఓపిక. మీకు ఇంటర్నెట్ ఇచ్చే సంస్థవారు బిల్లుకు వచ్చినప్పుడు "మన చిరునామాలకు పట్టా ఉన్నదా తమ్ముడూ?" అని అడిగి చూడండి. అతనికి తెలియకపోతే ఆఫీసులో అడుగుతాడు. ఆఫీసులో ఒకరు ఆ పూట పత్రం తెరిచి చూసుకున్నా ఈ ప్రసంగం వలన మేలు జరిగినట్టే.